కోస్టారికాలో ఉంటూ చిన్న వ్యాపారం: ఏ ప్రాంతం, ఏ దారి ఎవరికి నప్పుతుంది?

అమెరికాలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి గ్రీన్‌కార్డు క్యూ కదలక విసిగిపోయినవాళ్ళు, రిమోట్ ఉద్యోగం చేతిలో ఉన్నవాళ్ళు, పిల్లల చదువులైపోయి ఇక హడావిడి లేని చోట బతుకుదామనుకునేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: కోస్టారికాలో సముద్రం పక్కన ఉంటే మంచిదా, రాజధాని సాన్ హోసే దగ్గర ఉంటే మంచిదా? వాళ్ళ ఆశ నాకు అర్థమవుతుంది. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశమిది. కరెంటులో అత్యధిక భాగం నదుల నుంచి, భూమి లోపలి ఆవిరి నుంచి, గాలి నుంచి వస్తుంది. అమెరికా ఆఫీసు వేళలకు గడియారం చక్కగా కుదురుతుంది. జనం మర్యాదస్తులు.

కానీ ఊరు ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. అక్కడ మీ ఇల్లు ఎవరి డబ్బుతో గడుస్తుంది? సమాధానాలు మూడే. బయటి దేశం నుంచి వచ్చే జీతమో పెన్షనో ఒకటి. టూరిస్టుల డబ్బు రెండోది. స్థానికుల డబ్బు, అంటే తీకోల డబ్బు, మూడోది. ఈ మూడింట్లో మీది ఏదో తేలిందంటే ఊరు, వీసా, వ్యాపారం మూడూ దాని వెనకే వస్తాయి. ముందు బీచ్‌లో ఇల్లు చూసుకుని, ఆ తర్వాత "ఇక్కడ ఏం వ్యాపారం పెడదాం" అని ఆలోచించేవాళ్ళే ఎక్కువ ఇబ్బంది పడతారు.

## ముందు చూసుకోవాల్సినవి

సీజన్. పసిఫిక్ వైపు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఎండ, మే నుంచి నవంబరు దాకా వాన. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బీచ్ ఊళ్ళలో చాలా షాపులు షట్టర్లు దించేస్తాయి. అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. కరేబియన్ వైపు లెక్క తలకిందులు: అక్కడ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే సముద్రం ప్రశాంతంగా ఉండి ఎండ కాస్తుంది.

డాలరు రేటు. చాలామంది పట్టించుకోనిది, ఎక్కువ దెబ్బ తీసేది ఇదే. 2022 జూన్‌లో డాలరుకి దాదాపు 690 కొలోన్లు (అక్కడి కరెన్సీ) వచ్చేవి. 2024 మొదటికల్లా అది 510, 520 దగ్గరికి పడిపోయింది. అంటే డాలర్లలో సంపాదించి కొలోన్లలో ఖర్చుపెట్టేవాళ్ళకు కొనుగోలు శక్తి పావు వంతు తగ్గినట్టే. హోటల్ గది డాలర్లలో అమ్మి, వంటమనిషికి కొలోన్లలో జీతం ఇచ్చే యజమాని నలిగిపోయాడు. కొలోన్లలోనే అమ్మి కొలోన్లలోనే ఖర్చుపెట్టే వీధి చివరి కొట్టుకి పెద్దగా తేడా తెలియలేదు. మీ రాబడి, మీ ఖర్చు ఒకే కరెన్సీలో ఉన్నాయా లేదా అన్నది కాగితం మీద రాసుకుని చూసుకోండి.

నేల, నీళ్ళు. 1977 నాటి 6043 నంబరు చట్టం ప్రకారం సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్ల భూమి ప్రభుత్వానిది. అందులో మొదటి 50 మీటర్లు పూర్తిగా ప్రజలది, అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదు. మిగతా 150 మీటర్లు మునిసిపాలిటీ లీజుకి ఇస్తుంది. విదేశీయుడు ఆ లీజు తన పేరిట తీసుకోవాలంటే కనీసం ఐదేళ్ళు ఆ దేశంలో చట్టబద్ధంగా నివసించి ఉండాలి. "బీచ్‌కి ఎదురుగా సొంత స్థలం" అని ఎవరైనా అమ్మజూపితే ముందు అడగాల్సింది అది రిజిస్టరైన పట్టా భూమా, లీజు భూమా అని. ఇక రెండో ప్రశ్న నీళ్ళది. నీటి సంస్థ నుంచి "కార్తా దే అగ్వా" అనే లేఖ లేకపోతే ఇల్లు కట్టుకోవడానికి పర్మిట్ రాదు. పసిఫిక్ వైపు ఎండలు మండే గ్వానాకాస్తేలో ఈ లేఖ లేని ప్లాట్లు చవగ్గా దొరుకుతాయి. ఎందుకు చవకో కొన్న తర్వాత తెలుస్తుంది.

సిబ్బంది ఖర్చు. నెల జీతం ఒక్కటే లెక్కేసుకుంటే కుదరదు. సామాజిక భద్రతా సంస్థ అయిన "కాహా"కి యజమాని జీతం మీద పావు వంతు కంటే ఎక్కువే కట్టాలి. ప్రతి డిసెంబరులో 20వ తేదీలోపు అగినాల్డో, అంటే పదమూడో నెల జీతం, తప్పనిసరి. ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన సెలవు, పని ప్రమాదాల బీమా కూడా ఉంటాయి. అన్నీ కలిపితే జీతం మీద మరో 40 శాతం దాకా పడుతుంది. మనిషిని తీసేస్తే పరిహారం వేరు. ఇది మంచి చట్టమే, పనివాళ్ళకి న్యాయం చేసే చట్టం. దీన్ని తప్పించుకోవడం ఎలా అని కాక, ఈ ఖర్చు పెట్టాక కూడా మిగిలే వ్యాపారం ఏది అని ఆలోచించాలి.

ఇంటి సంగతి. ఆసుపత్రి ఎంత దూరం, పిల్లలకి స్కూలు ఉందా, కూరగాయలు ఎక్కడ దొరుకుతాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇక్కడ కరెంటు అమెరికాలోలాగా 120 వోల్టులు. హైదరాబాద్ నుంచి మోసుకొచ్చిన మిక్సీ, వెట్ గ్రైండర్ తిరగవు. అమెరికాలో కొన్నవి హాయిగా పనిచేస్తాయి.

## నాలుగు ప్రాంతాలు, ఒక్క చూపులో

| అంశం | సెంట్రల్ వ్యాలీ | గ్వానాకాస్తే తీరం | కరేబియన్ తీరం | కొండ ఊళ్ళు |
|---|---|---|---|---|
| ముఖ్యమైన చోట్లు | సాన్ హోసే, ఎస్కాసు, ఎరేదియా, గ్రేసియా | తామరిందో, నొసారా | ప్వెర్తో వియెహో, కవీతా | మోంతెవెర్దే, లా ఫోర్తూనా |
| డబ్బు ఎవరిది | స్థానికులది, కంపెనీలది | టూరిస్టులది, విదేశీ ఇళ్ళవాళ్ళది | టూరిస్టులది, కొంత స్థానికులది | దాదాపు అంతా టూరిస్టులది |
| గిరాకీ | ఏడాది పొడవునా | డిసెంబరు–ఏప్రిల్ | పసిఫిక్‌కి భిన్నమైన క్యాలెండరు | డిసెంబరు–ఏప్రిల్, మళ్ళీ జూలై |
| వాతావరణం | చల్లగా, ఏసీ అక్కర్లేదు | వేడి, పొడి | ఉక్క, వాన | మోంతెవెర్దేలో చలిగాలి, మంచు పొగ; లా ఫోర్తూనాలో ఉక్క, వాన |
| ఖర్చు | ఊరిని బట్టి | బాగా ఎక్కువ | మధ్యస్థం | మధ్యస్థం |
| స్పానిష్ అవసరం | తప్పదు | కొంత నెట్టుకురావచ్చు | ఇంగ్లీషు కొంత నడుస్తుంది | కొంత నెట్టుకురావచ్చు |
| పెద్ద చిక్కు | ట్రాఫిక్, స్థానిక పోటీ | నీళ్ళు, అద్దెలు | భూమి కాగితాలు, దారి | ఒకే రకం రాబడి |

## సెంట్రల్ వ్యాలీ

దేశ జనాభాలో సగానికి పైగా ఈ లోయలోనే ఉంటుంది. సాన్ హోసే సముద్రమట్టానికి 1,100 మీటర్ల పైన ఉంది కాబట్టి రాత్రిపూట కిటికీ తెరిచి, పల్చటి దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. పడమట ఎస్కాసు, సాంటా ఆనా ఖరీదైన పేటలు. ప్రైవేటు ఆసుపత్రులు, మాల్స్, ఇంటర్నేషనల్ స్కూళ్ళు అక్కడే. ఎరేదియా, అలాహ్వేలా వైపు ఫ్రీ జోన్లు, అంటే పన్ను రాయితీలతో ఎగుమతి కంపెనీలు నడిచే పారిశ్రామిక వాడలు. ఇంటెల్ 1990ల చివర్లో ఎరేదియా ప్రాంతానికి వచ్చింది. ఇప్పుడు అరటి, కాఫీ కంటే వైద్య పరికరాల ఎగుమతే దేశానికి పెద్ద ఆదాయం. ఆ ఫ్యాక్టరీల్లో, సర్వీస్ సెంటర్లలో నెల జీతం తీసుకునే యువత చాలా ఉంది. స్థానికుల డబ్బు అని నేను అంటున్నది వీళ్ళ డబ్బే.

వ్యాపారం నేర్చుకోవాలంటే మధ్యాహ్నం పన్నెండింటికి మునిసిపాలిటీ ఆఫీసు చుట్టుపక్కల ఏదైనా ఒక "సోదా"లో కూర్చోండి. సోదా అంటే ఇంటివాళ్ళు నడిపే చిన్న భోజనశాల. నాలుగైదు బల్లలు, గాజు పెట్టెలో వేడిగా ఉంచిన కూరలు, వెనక పొయ్యి దగ్గర ఇంటి పెద్దావిడ. కసాదో ప్లేటులో అన్నం, బీన్స్, వేయించిన తియ్యటి అరటిముక్కలు, క్యాబేజీ సలాడ్, ఒక చికెన్ ముక్కో చేప ముక్కో. గంటన్నరలో బల్లలు రెండు మూడు సార్లు నిండి ఖాళీ అవుతాయి. ప్లేటుకి మిగిలే లాభం తక్కువ. కానీ జనవరిలోనూ అక్టోబరు జడివానలోనూ వచ్చేది అదే జనం. 2020 మార్చిలో సరిహద్దులు మూసేసినప్పుడు తీరం ఊళ్ళలో నెలల తరబడి ఒక్క టూరిస్టూ లేడు. లోయలో మాత్రం ఇలాంటి సోదాలకి పార్సిల్ గిరాకీ నడిచింది.

అలాగని మీరు సోదా పెట్టమని కాదు. కసాదోలో తీకో కుటుంబంతో పోటీపడలేరు. వాళ్ళకి అద్దె ఉండదు, పనిచేసేది ఇంటివాళ్ళే. అదే జనానికి వాళ్ళు అమ్మనిది అమ్మాలి. ఫ్రీ జోన్ ఉద్యోగాల కోసం ఇంగ్లీషు, ఎక్సెల్, ప్రోగ్రామింగ్ నేర్పే చిన్న శిక్షణ కేంద్రం, చిన్న కంపెనీలకి సాఫ్ట్‌వేర్, అకౌంటింగ్ సేవలు, మంచి బేకరీ, ఫోన్లు బాగుచేసే షాపు. ఇవన్నీ స్పానిష్ వస్తేనే. ఏడాది పాటు భాషకి కేటాయించలేనివాళ్ళు స్థానికుల డబ్బు మీద ఆశ పెట్టుకోకపోవడం మేలు.

ఇబ్బందులూ చెప్పాలి. ట్రాఫిక్ ఘోరం. సాన్ హోసే నడిబొడ్డులోకి పనిరోజుల్లో నంబరు ప్లేటు చివరి అంకెను బట్టి కార్లను రానివ్వరు. దిగుమతి పన్నుల వల్ల పాత కారు కూడా ఖరీదే. సముద్రం కావాలంటే పసిఫిక్ తీరానికి కనీసం గంటన్నర.

## గ్వానాకాస్తే తీరం

ఫోటోల్లో మీరు చూసేది ఎక్కువగా ఇదే. లిబేరియా విమానాశ్రయానికి అమెరికా నగరాల నుంచి నేరుగా విమానాలున్నాయి. విమానంలో దేశానికి వచ్చే టూరిస్టుల్లో సగానికి పైగా అమెరికావాళ్ళే. తామరిందోలో సర్ఫింగ్, నొసారాలో యోగా. అద్దెలు, తిండి ఖర్చు సాన్ హోసే కంటే ఎక్కువ. చాలా ధరలు డాలర్లలోనే చెబుతారు.

ఇక్కడ వ్యాపారం చేయాలనుకునేవాళ్ళు మూడు నిజాలు మింగాలి. ఒకటి, మీకొచ్చిన ఐడియా ముందే వందమందికి వచ్చింది. కాఫీ షాపు, స్మూతీలు, సర్ఫ్ స్కూలు, అద్దె ఇళ్ళు, అన్నీ ఉన్నాయి. రెండు, పనివాళ్ళకి ఆ ఊళ్ళో అద్దె కట్టే స్తోమత లేదు. దూరపు ఊళ్ళ నుంచి బస్సులో వస్తారు. బస్సు సరిగ్గా లేని రోజున మీ వంటగదిలో మనిషి ఉండడు. మూడు, అద్దెకిచ్చే ఇల్లు "ఊరికే కూర్చుంటే వచ్చే డబ్బు" కాదు. టూరిజం శాఖ దగ్గర నమోదు, 13 శాతం ఐవీఏ (అక్కడి వ్యాట్) పన్ను, ఉప్పుగాలికి తుప్పు పట్టే ఏసీలు, వానాకాలంలో బూజు.

అయినా ఒక అవకాశం మన వాళ్ళకి నిజంగా ఉందని నా నమ్మకం. నొసారాలాంటి చోటికి వచ్చే యోగా జనం గ్లూటెన్ లేనిది, పాలు గుడ్లు లేనిది వెతుక్కుంటారు. దోసె, ఇడ్లీ ఆ రెండూ ఏమీ మార్చకుండానే తీరుస్తాయి. పిండి పులియడానికి ఆ తీరపు వేడి భలే కుదురుతుంది. రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగి గిన్నె అంచుకి వస్తుంది. అదే ఎరేదియా చలిలో మధ్యాహ్నం దాకా ఆగాలి. చిక్కు మినప్పప్పు దగ్గర. ప్యాకెట్ ఆహారం వ్యాపారానికి దిగుమతి చేసుకోవాలంటే ఆరోగ్య శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. పప్పు ఎవరు, ఎంత తరచుగా, ఏ ధరకి తెస్తారో తేలకుండా మెనూ రాయకండి. పూర్తి స్థాయి ఇండియన్ రెస్టారెంట్ కన్నా, నాలుగు ఐటమ్స్‌తో పొద్దున్న మాత్రమే నడిచే టిఫిన్ కౌంటరు మేలు. సీజన్ అయిపోతే మూసుకున్నా మునిగిపోరు.

తీకోలకి కారం పడదు, ఇది ముందే తెలుసుకోండి. వాళ్ళ వంటలో కొత్తిమీర, ఉల్లి, క్యాప్సికం ఉంటాయి. మిరపఘాటు ఉండదు. పచ్చి మామిడికాయ ముక్కల మీద ఉప్పు, నిమ్మరసం పిండి వీధుల్లో అమ్ముతారు, అది చూస్తే మనకి ప్రాణం లేచి వస్తుంది. అంతమాత్రాన గోంగూర మాంసం అడుగుతారని కాదు.

## కరేబియన్ తీరం

లిమోన్ రాష్ట్రం వేరే దేశంలా ఉంటుంది. సాన్ హోసే నుంచి లిమోన్‌కి రైలు మార్గం వేయడానికి 1870ల నుంచి జమైకా నుంచి కూలీలు వచ్చారు. 1890లో ఆ రైలు పూర్తయ్యాక వాళ్ళు అరటి తోటల్లో స్థిరపడ్డారు. వాళ్ళ వారసులు ఇంట్లో క్రియోల్ ఇంగ్లీషు మాట్లాడతారు. అన్నం, బీన్స్ కొబ్బరిపాలలో వండుకుంటారు. కోనసీమ వాళ్ళకి ఆ వాసన కొత్తగా అనిపించదు.

ప్వెర్తో వియెహో, కవీతా ఊళ్ళు గ్వానాకాస్తే కంటే చవక. పెద్ద హోటల్ కంపెనీల జోరు తక్కువ, చిన్న వ్యాపారికి చోటు ఎక్కువ. పసిఫిక్ ఖాళీగా ఉండే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇక్కడ గిరాకీ ఉంటుంది.

నన్నడిగితే ఇక్కడ ఉండొచ్చు, అద్దెకి తీసుకుని వ్యాపారం చేయొచ్చు, భూమి మాత్రం తొందరపడి కొనకూడదు. సముద్రతీర చట్టం ఒకటి, గాందోకా–మాన్సానియో అభయారణ్యం ఒకటి, వీటికి తోడు బ్రిబ్రీ, కబేకర్ ఆదివాసీల భూములు. 1977 నాటి ఆదివాసీ చట్టం ప్రకారం ఆ భూములు ఆదివాసీలు కానివాళ్ళు కొనడానికి వీల్లేదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం తెలిసినవాళ్ళకి విషయం వెంటనే అర్థమవుతుంది. చేతిరాత ఒప్పందాలతో "స్వాధీనం" అమ్మేవాళ్ళు ఉంటారు. ఆ కాగితానికి కోర్టులో విలువ ఎంతో వేరే లాయరుని అడగండి, అమ్మేవాడు చూపించిన లాయరుని కాదు.

దారి కూడా ఆలోచించాలి. రాజధాని నుంచి వచ్చే 32వ నంబరు రోడ్డు బ్రావులియో కారియో అడవి కొండల్లోంచి వస్తుంది. కొండచరియలు విరిగిపడితే మూసేస్తారు. సరుకు ఆగుతుంది, బుకింగ్‌లు రద్దవుతాయి. శాంతిభద్రతల మాట దాచకూడదు: 2023లో దేశంలో 900కి పైగా హత్యలు జరిగాయి, అది రికార్డు. అందులో లిమోన్ రాష్ట్రం వాటా ఎక్కువ. చాలావరకు డ్రగ్స్ ముఠాల మధ్య గొడవలే అయినా, రాత్రి ఎక్కడ తిరగాలో స్థానికుల్ని అడిగి నడుచుకోవడం అవసరం.

## కొండ ఊళ్ళు

మోంతెవెర్దే కథ బయటి నుంచి వచ్చి వ్యాపారం పెట్టాలనుకునే ప్రతివాళ్ళూ తెలుసుకోవాలి. 1951లో అమెరికాలోని అలబామా నుంచి క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు కొన్ని ఇక్కడికి వచ్చాయి. యుద్ధానికి వెళ్ళడం వాళ్ళ మతానికి విరుద్ధం, సైన్యం లేని దేశం అని విని వచ్చారు. కొండ మీద పశువులు పెంచారు. కానీ ఆ దారుల్లో పాలు కిందికి చేరేలోగా విరిగిపోయేవి. అందుకే జున్నుగడ్డలు, అంటే చీజ్, చేయడం మొదలుపెట్టారు. అది బరువు తక్కువ, నిలవ ఉంటుంది, ధర ఎక్కువ. చుట్టుపక్కల తీకో రైతుల దగ్గర కూడా పాలు కొన్నారు. నీటి ఊటల కోసం కొండ పైభాగం అడవిని నరకకుండా వదిలేశారు. ఆ అడవి చుట్టూనే 1972లో రిజర్వ్ ఏర్పడి ఊరికి టూరిజం వచ్చింది. రోడ్డు బాగోలేదన్న ఇబ్బందికి తగిన సరుకుని ఎంచుకోవడం, పొరుగు రైతుకి కూడా ఆదాయం చూపించడం, ఈ రెండిటివల్లే వాళ్ళని ఊరు తనవాళ్ళుగా చేసుకుంది.

లా ఫోర్తూనాది ఇంకో రకం. 1968లో అరెనాల్ అగ్నిపర్వతం బద్దలై ఊళ్ళని మింగింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు రాత్రిపూట ఎర్రటి లావా చూడటానికి జనం వచ్చేవాళ్ళు. 2010లో అది ఆగిపోయింది. ఊరు మాత్రం వేడినీటి బుగ్గలు, వేలాడే వంతెనలు, జిప్‌లైన్ల మీదకి మళ్ళి నిలదొక్కుకుంది. రెండు చోట్లా రాబడి మొత్తం సందర్శకుల మీదే. చేతిలో ఏడాది ఖర్చు పక్కన పెట్టుకోలేనివాళ్ళకి వద్దు.

## ఉండటానికి దారులు

| దారి | చూపాల్సిన ఆదాయం | స్థానికంగా ఏం చేయొచ్చు |
|---|---|---|
| డిజిటల్ నోమాడ్ | నెలకి 3,000 డాలర్లు, కుటుంబంతో అయితే 4,000 | బయటి కంపెనీకి మాత్రమే పని |
| పెన్సియోనాదో | జీవితాంతం వచ్చే పెన్షన్ నెలకి 1,000 డాలర్లు | వ్యాపారానికి యజమానిగా ఉండొచ్చు, ఉద్యోగం చేయకూడదు |
| రెంతిస్తా | రెండేళ్ళపాటు నెలకి 2,500 డాలర్లు, లేదా 60,000 డిపాజిట్ | పైదే |
| ఇన్వెర్సియోనిస్తా | 1,50,000 డాలర్ల పెట్టుబడి | పైదే |

నోమాడ్ పద్ధతి ఏడాదికి ఇస్తారు, మరో ఏడాది పొడిగించుకోవచ్చు. బయటి జీతం మీద అక్కడ ఆదాయపన్ను ఉండదు. కానీ ఈ కాలం రెసిడెన్సీ లెక్కలోకి రాదు. మిగతా మూడింటిలో మూడేళ్ళు గడిస్తే పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకోవచ్చు, అది వచ్చాక ఏ పనైనా చేసుకోవచ్చు. పెట్టుబడి పరిమితి 2 లక్షల డాలర్ల నుంచి లక్షన్నరకి తగ్గింది 2021 నాటి చట్టంతోనే.

టూరిస్టుగా వచ్చినవాళ్ళు కూడా నూరు శాతం సొంత కంపెనీ పెట్టుకోవచ్చు, ఎక్కువమంది ఎస్.ఆర్.ఎల్. (పరిమిత బాధ్యత కంపెనీ) రూపం ఎంచుకుంటారు. అయితే ఆ కంపెనీ కౌంటర్లో నిలబడి గిన్నెలు అందించడానికి మాత్రం వీల్లేదు. ఈ తేడా తెలియక ఇబ్బందుల్లో పడేవాళ్ళు ఎక్కువ.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. అమెరికా బయట ఆరు నెలలు దాటితే ప్రశ్నలు మొదలవుతాయి. రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. అలాగే కోస్టారికా బయటి ఆదాయాన్ని పన్నులో చూడకపోయినా అమెరికా చూస్తుంది.

## కొత్తగా తెరవడమా, నడుస్తున్నది కొనడమా

కొత్తగా తెరిస్తే వరస ఇది: ముందు మునిసిపాలిటీ నుంచి "ఉసో దే స్వేలో", అంటే ఆ స్థలంలో ఆ వ్యాపారం చేసుకోవచ్చనే పత్రం. ఆ తర్వాత ఆరోగ్య శాఖ పర్మిట్. దాని మీద "పతెంతే" అనే మునిసిపల్ లైసెన్స్. పక్కనే పన్ను శాఖ నమోదు, ఎలక్ట్రానిక్ బిల్లులు, కాహా, బీమా. మొదటి పత్రం చేతికి రాకుండా అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. షాపు అద్దెకి చట్టం కనీసం మూడేళ్ళ రక్షణ ఇస్తుంది, కిరాయిదారుగా అది మీకు అనుకూలం.

నడుస్తున్న వ్యాపారం కొంటే గిరాకీ మొదటి రోజు నుంచీ ఉంటుంది, పాత సిబ్బందీ వస్తారు. వాళ్ళతో పాటు వాళ్ళ పాత సర్వీసు బాకీలు కూడా మీ నెత్తిన పడతాయి. పదేళ్ళుగా ఉన్న వంటమనిషికి రావలసిన పరిహారం ఎంతో లెక్కకట్టించి, ధరలోంచి తగ్గించమని అడగండి. కాహా బాకీ లేదన్న సర్టిఫికెట్, గత రెండేళ్ళ ఎలక్ట్రానిక్ బిల్లులు చూపించమనండి. అమ్మేవాడు "అసలు అమ్మకాలు దీనికి రెట్టింపు, బిల్లుల్లో చూపించలేదు" అంటే ఆ రెట్టింపుకి మీరు డబ్బులివ్వాల్సిన పనిలేదు.

నా ఓటు కొనడానికే, కానీ లోయలోనూ కొండ మీదా మాత్రమే. గ్వానాకాస్తేలో అమ్మకానికి పెట్టే చాలా వ్యాపారాల ధరలో ఆ ఊరి పేరుకి కట్టే డబ్బే ఎక్కువ.

## ఎవరికి ఏది

రిమోట్ జీతం ఉండి, ఏడాది రెండేళ్ళు చూద్దామనుకునే జంటకి నోమాడ్ పద్ధతి, మొదటి ఆరు నెలలు లోయలో. వ్యాపారం ఆలోచన అప్పుడే వద్దు.

స్కూలు పిల్లలున్న కుటుంబానికి ఎస్కాసు, సాంటా ఆనా, లేదా ఎరేదియా. తీరంలో స్కూళ్ళున్నా ఎంపిక తక్కువ, డాక్టరు దూరం.

సోషల్ సెక్యూరిటీ పెన్షన్ వచ్చే పెద్దవాళ్ళకి పెన్సియోనాదో పద్ధతిలో గ్రేసియా, ఆతేనాస్‌లాంటి చిన్న ఊళ్ళు. చవక, మంచి గాలి, వారానికోసారి రైతుల సంత. రెసిడెంట్లు కాహాలో చేరాల్సిందే. నెల నెలా కడితే ప్రభుత్వ ఆసుపత్రులు అందుబాటులోకి వస్తాయి, స్పెషలిస్టు కోసం నెలలు ఆగాల్సి రావచ్చు. మోకాళ్ళ ఆపరేషన్‌లాంటివి ఎదురుచూస్తున్నవాళ్ళు ప్రైవేటు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

చేతిలో పెట్టుబడి ఉండి, స్పానిష్ నేర్చుకునే ఓపికున్న నలభైల్లోని వాళ్ళకి లోయలో స్థానికులకి అమ్మే వ్యాపారం. మెల్లగా వస్తుంది, నిలుస్తుంది. వంట చేతిలో ఉన్నవాళ్ళకి నొసారాలో సీజన్ టిఫిన్, లేదా ప్వెర్తో వియెహోలో అద్దె షాపు.

ఏది అనుకున్నా, ఎంచుకున్న ఊళ్ళో అక్కడి చెడ్డ కాలంలో అద్దెకుండి చూడండి. పసిఫిక్ అయితే అక్టోబరులో, మోంతెవెర్దే అయితే గాలులు కోసేసే జనవరిలో.

## కాగితాలు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే సాధారణంగా విడిగా కోస్టారికా వీసా అడగరు. షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ తాజా నియమం చూసుకోండి. భారత పాస్‌పోర్టు పనులన్నీ పనామా సిటీలోని మన రాయబార కార్యాలయం చూస్తుంది.

రెసిడెన్సీకి జనన ధృవీకరణ పత్రం, పోలీసు క్లియరెన్స్, పెళ్ళయితే వివాహ పత్రం కావాలి. ఇండియాలో పుట్టినవాళ్ళ జనన పత్రానికి విదేశాంగ శాఖ అపోస్టిల్ (పత్రం విదేశంలో చెల్లడానికి వేసే ధృవీకరణ) ఉండాలి, అమెరికాలో ఉంటున్నవాళ్ళకి ఎఫ్‌బీఐ పత్రానికి అక్కడి అపోస్టిల్. అన్నీ కోస్టారికా గుర్తించిన అనువాదకుడి చేత స్పానిష్‌లోకి మార్పించాలి. పోలీసు పత్రాలు పాతబడితే తీసుకోరు. కాబట్టి ముందు జనన పత్రం పని మొదలుపెట్టండి. ఊళ్ళో పంచాయతీ రికార్డులో పేరు ఒకలా, పాస్‌పోర్టులో ఇంకొకలా ఉంటే సరిచేయించడానికే నెలలు పడుతుంది. అది చేతికొచ్చాకే పోలీసు క్లియరెన్స్‌కి పెట్టుకోండి.